క్రొత్తలోకములు – పాతవంటయిండ్లు

అద్భుతకల్పనలతోను, విజ్ఞానశాస్త్రము నాధారముగా జేసికొన్న యూహలతోను నిండిన నవలలు చదువుట పెద్దవారికి తగిన పని కాదని మనలో విద్యావంతులగు గృహస్థు లనేకులు తలంచుచున్నారు. నక్షత్రములకు పోవు నోడలును, మాటలాడు యంత్రములును, రెక్కల గుఱ్ఱములును పిల్లల ముచ్చటకే గాని సంసారభారము వహించినవారికి పనికిరావని వీరి మతము. మఱికొందఱు, ఇందులో నున్నదంతయు మన పురాణములలో నెన్నడో యున్నదనియు, పుష్పకవిమాన మెఱిగిన జాతికి పరదేశీయుల యంతరిక్షనౌకలు వింత గావనియు చెప్పుదురు. మూడవ తెగవారు, ముఖ్యముగా యువకులు, అట్టి గ్రంథము లెన్ని వచ్చినను మ్రింగుచు, ఏ నవలలో నెందఱు సూర్యులున్నారో, ఏ రాక్షసి కెన్ని తలలున్నవో లెక్క చెప్పుకొని తృప్తి నొందుచున్నారు. గడచిన కొన్ని నెలలుగా మేము మా యింట నీ జాతి నవలలను వరుసగా చదివితిమి. ఈ మూడు తెగలవారితోడను మాకు తగవు గలదు. మాతో మాకును కొంత తగవు గలదు. దానిని దాచక చెప్పుటకే యీ వ్యాసము.

మా పఠనము జరుగు విధ మిట్టిది. రాత్రి భోజనములైన పిమ్మట ముందుగదిలో మేము నలుగురము కూర్చుండి, యొకరు చదువుచుండగా తక్కినవారు విందుము. పుస్తకములు చాలవఱకు ఇంగ్లీషున నున్నవి గావున నడుమనడుమ తెలుగున చెప్పుట వాడుక. మా వదినగారు మాత్రము వంటయింటి నుండియే వినుచుందురు. ఏలయన, ఆ వేళకు వారి పని ముగియదు. ఒకనాటి రాత్రి అమెరికా రచయిత రాబర్ట్ హైన్‌లైన్ 1966లో ప్రకటించిన ‘ది మూన్ ఈజ్ ఎ హార్ష్ మిస్ట్రెస్’ చదువుచుంటిమి. చంద్రునిపై నిలిచిపోయిన ఖైదీల సంతతివారు, మనస్సు మేల్కొన్న యొక కంప్యూటరు సాయముతో, భూమి పెత్తనమును త్రోసివైచి స్వాతంత్ర్యము ప్రకటించుకొను కథ యది. మేము మిక్కిలి యుత్సాహముతో నుంటిమి. అంతలో లోపలినుండి గిన్నెల చప్పుడాగి, “బాబూ, ఆ చంద్రలోకంలో అంట్లు తోమేదెవరు?” అని వదినగారి కంఠము వినవచ్చెను.

మేము పుటలు తిరుగవేసితిమి. ఆ గ్రంథకర్త వివాహమునే మార్చివైచినాడు. పలువురు భర్తలు, పలువురు భార్యలు తరతరములుగా నొక్క కుటుంబముగా నుందురు. రాజ్యమును మార్చినాడు, ధర్మశాస్త్రమును మార్చినాడు. కాని యింటిపోరును భోజనముల యేర్పాటును అందఱు ‘మమ్’ అని పిలుచు పెద్దభార్య చేతిలోనే యున్నవి. ఆ మాటయే చెప్పితిమి. “అయితే అంత దూరం పోవడమెందుకు?” అని వదినగారు మరల కుళాయి విప్పిరి.

ఆ రాత్రి చదువు సాగలేదు. అప్పటినుండి ప్రతి నవలను ఆ ప్రశ్నతోనే చదివితిమి. చదువగా చదువగా మాకు తోచిన దిది. సాధారణ నవల వ్రాయువాడు ఉన్న లోకమును చిత్రించును. అందలి యన్యాయమును గూర్చి యడిగిన, ‘లోక మట్లున్నది, నేనేమి చేయుదును?’ అని తప్పించుకొనవచ్చును. అద్భుతనవల వ్రాయువాని కా సాకు లేదు. వాడు లోకమును తానే సృష్టించినాడు. సూర్యులను మూడు చేయగలవాడు, మరణమును రద్దు చేయగలవాడు, వంటయింటిని మాత్రము మన యింటిలో నున్నట్లే యుంచినచో, అది మార్పునకు లోబడని దని యాతడు నమ్మినాడన్నమాట. కల్పన యెచ్చట నాగునో ఆచార మచ్చట పీట వేసికొని కూర్చుండియున్నది. ఇట్టి నవలలు పిల్లలాటలని త్రోసివేయు గృహస్థులకు మా ప్రత్యుత్తరమును నిదియే. మనుష్యుని మనస్సులో నేది కదలునో, ఏది కదలదో తెలిసికొనుటకు వీనికంటె మంచి పరీక్ష మాకు కానరాదు.

పురాణముల పక్షమువారికి నిదే ప్రశ్న వేయుదము. పుష్పకమును గూర్చి వారు చెప్పినంత మేము నంగీకరింతుము. కాని భారతమున వంటకు సంబంధించిన మహాద్భుత మొకటి కలదు. దానిని వారేల తలపరు? అరణ్యవాసమున ధర్మరాజునకు సూర్యుడు అక్షయపాత్ర నిచ్చెను. ఎందఱు వచ్చినను అన్నము తఱుగదు. ఎంతవఱకు? ద్రౌపది భుజించు నంతవఱకు. ఆమె తిన్నతోడనే యా దినమునకు పాత్ర వట్టిదగును. సాక్షాత్తు దేవుడిచ్చిన పాత్రకు కూడ నింటి యిల్లాలు కడపట తినవలె ననియే నియమము! మన పూర్వుల కల్పనాశక్తికి మేము నమస్కరింతుము. ఆ శక్తి సూర్యుని దాక పోయి, గడప దాటలేక నిలిచిపోయిన చోటును గూడ చూపక తప్పదు.

ఇక చదివిన గ్రంథముల మాట. విజ్ఞానకల్పనానవలలకు మొదటిదని పలువు రెన్నునది 1818లో వెలువడిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’. దానిని వ్రాయ మొదలిడునాటికి మేరీ షెల్లీ వయస్సు పదునెనిమిదేండ్లు. చలనచిత్రములు చూచినవారు దీనిని భూతము కథ యనుకొందురు. మేమును నట్లే యనుకొంటిమి. చదివినపిమ్మట నిది బిడ్డను కని విడిచిన తండ్రి కథ యని తెలిసినది. శవఖండములను కూర్చి ప్రాణము పోసిన పండితుడు, అది కనులు తెఱచినతోడనే రోసి పాఱిపోవును. ఒకనాడైన దానికి పట్టెడన్నము పెట్టడు, ఒక మాట నేర్పడు. ఆ విడువబడిన ప్రాణి యొక బీదకుటుంబపు కుటీరము ప్రక్కనున్న గుడిసెలో దాగి, వారి మాటలు విని భాష నేర్చుకొని, వారికి తెలియకుండ రాత్రులయందు కట్టెలు కొట్టి తెచ్చి వాకిట నుంచును. సృష్టికర్త చేయని యింటిపని సృష్టి చేసినది! కనుట గొప్ప, పెంచుట తక్కువ యను పండితుని గర్వమును రెండువందల యేండ్ల క్రిందట నొక బాలిక యీడుది ఇంత సూటిగా కొట్టినది.

తరువాత చదివినది మనకు సన్నిహితమైనది. వంగదేశీయురాలగు రొకేయా సఖావత్ హుసేన్ ఇంగ్లీషున వ్రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో మద్రాసునుండి వెలువడుచుండిన ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’ లో అచ్చుపడెను. ఆ పత్రికకు సంపాదకురాలు తెలుగు కుటుంబమున పుట్టిన కమలా సత్తియానాథన్. ఘోషాలో పెరిగిన ముస్లిము స్త్రీ కలము, తెలుగుబిడ్డ పత్రిక. ఈ కలయికను మన సాహిత్యచరిత్రలు తగినంత తలపకుండుట విచారకరము. కథలో సుల్తానా కునుకుతీసి, స్త్రీలే పాలించు నొక దేశమునకు పోవును. అచ్చట పురుషులు మర్దానాలో, అనగా మగఘోషాలో, నుండి వంట చేయుచు బిడ్డల నాడింతురు. స్త్రీల విశ్వవిద్యాలయములలో నొకటి మేఘములనుండి నీరు దింపినది. మఱియొకటి సూర్యుని వేడిమిని పట్టి నిలువచేసినది. శత్రువులు వచ్చినపుడు ఆ వేడిమినే వారిపై మఱలించి తఱిమివేసిరి.

ఇట్టి తలక్రిందుల లోక మింతకుముందే తెలుగున నుండెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు స్విఫ్టు రచించిన గలివరు యాత్రలను మాదిరిగా గైకొని వ్రాసిన ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ లో ఆడుమళయాళ మట్టి దేశమే. అచ్చట పెత్తనము స్త్రీలది. మన స్త్రీలు పడు పాట్లన్నియు పురుషులు పడుదురు. చదివిన మగవానికి చెంపపెట్టు తగిలి తీరును. వ్యంగ్యమునకు అంతకు మించిన యాయుధము లేదు. అయినను మా యభ్యంతర మొకటి చెప్పవలయును. గోడ గోడగానే యున్నది. లోపలివారు వెలికి, వెలివారు లోపలికి మారిరి. ఇది దండన యగును గాని విముక్తి గాదు. ఈ లోపము రొకేయాయందును గలదు. కాని యామె పంతులుగారికంటె నొక యడుగు ముందు వేసినది. వంట చేయువారిని మార్చి యూరకుండక పొయ్యిని మార్చినది. ఆమె దేశమున వంటయింట పొగ లేదు, బొగ్గు లేదు; సూర్యుని వేడిమితోనే వంట. కట్టెపొయ్యి పొగలో కండ్లు పోగొట్టుకొన్న తల్లుల నెఱిగినవారికి ఆ నాలుగు పంక్తుల విలువ తెలియును. కలగని యూరకుండినదా? లేదు. 1909లో భాగల్పూరున బాలికల పాఠశాల తెఱచి, 1911లో దానిని కలకత్తాకు మార్చి నడపినది. అద్భుతకథలు పనికిమాలిన వనువారు ఈ యొక్క జీవితమును జూచి మాట వెనుకకు తీసికొందురు గాక.

తృతీయవర్గమువారికి ప్రియమైన గ్రంథము చైనా రచయిత లియు సిషిన్ రచించిన ‘ది త్రీ-బాడీ ప్రాబ్లమ్’. 2008లో పుస్తకముగా వచ్చి, 2014లో ఇంగ్లీషునకు మాఱి, 2015లో హ్యూగో బహుమానము పొందినది. ముగ్గురు సూర్యుల నడుమ నలుగు లోకము, ఆ సూర్యుల గమనము ముందుగా నెఱుగజాలక పలుమాఱు నశించి పలుమాఱు పుట్టిన నాగరకత. ఇంత విశాలమైన యూహను మేము తక్కువ చేయము. కాని మాకు మఱపురానిది సూర్యులు గారు. 1967లో, సాంస్కృతికవిప్లవమున, తన తండ్రిని జనము నెదుట కొట్టి చంపగా చూచిన యే వెన్‌జియె యను శాస్త్రజ్ఞురాలు మనుష్యజాతిపై నాశ విడిచి, పరలోకవాసులను భూమికి రమ్మని సందేశము పంపును. పంపివైచిన పిమ్మట నామెకు ప్రసవమగును. కొండదిగువ గ్రామస్థులు ఆమెను బిడ్డతో తమ యింట నుంచుకొందురు. వేటగాని కోడలు ఆ శిశువునకు పాలిచ్చును. రాత్రులయందు ఊరి పిల్లలు వచ్చి చదువుచెప్పుమందురు. మనుష్యులు మంచివారనుటకు ఆమె జీవితమున దొరకిన సాక్ష్యము ఆ వెచ్చని గదిలోనే దొరకినది. అప్పటికి సందేశము పోయినది. మహాగ్రంథమంతటికి గుండె యిక్కడ నున్నది. గ్రంథకర్త దానిని కొలది పుటలలో ముగించి మరల సూర్యుల వెంట పరుగెత్తెను. సూర్యులను లెక్కించు మిత్రులు ఆ పుటలను మఱియొకమాఱు చదువుడని కోరుచున్నాము.

బ్రిటను రచయిత కజువో ఇషిగురో 2021లో ప్రకటించిన ‘క్లారా అండ్ ది సన్’ లో కథ చెప్పునది సూర్యరశ్మిచే బ్రదుకు నొక యంత్రబాలిక. జబ్బుపడిన పిల్లకు తోడుగా కొనబడి, ఆ పిల్లను బ్రదికింపుమని సూర్యునికి మ్రొక్కుకొనును. మన యింటి ముసలమ్మల మ్రొక్కుబళ్ల నెఱిగిన మేము ఆ యంత్రముయొక్క భక్తిని జూచి నవ్వలేకపోతిమి. అందు పనిమనిషి యొకతె కలదు. క్లారా యామెను ఎల్లప్పుడు ‘మెలానియా హౌస్‌కీపర్’ అనియే పిలుచును. చేయు పనియే యింటిపేరైనది. ఇది మన కెఱుగని వింత గాదు. పేరునకు ముందు కులవృత్తిని తగిలించి మనుష్యుని పిలుచు పాడలవాటు మన యూళ్లలోనిదే. కడకు పని తీఱిన క్లారాను పాత యంత్రముల ప్రోగు నడుమ విడుతురు. చదివి మేము కన్నీరు పెట్టితిమి. పిదప, ముప్పదియేండ్లు మా యింట పనిచేసి మానిన ముసలామె యిప్పు డెట్లున్నదో మాలో నెవరికి దెలియదని గుర్తుకు వచ్చి, ఆ కన్నీటిని గూర్చి సిగ్గుపడితిమి.

ఆక్టేవియా బట్లరు 1979లో వ్రాసిన ‘కిండ్రెడ్’ మాలోని సంస్కారాభిమానులను మిక్కిలి కలతపెట్టిన పుస్తకము. డానా 1976లో కాలిఫోర్నియాలో నివసించు నల్లజాతి రచయిత్రి. ఏ యంత్రమును లేకుండ, ఏ కారణమును చెప్పకుండ, కాలము ఆమెను బానిసత్వపుదినముల మేరీలాండునకు లాగికొనిపోవును. అచ్చట నామె చాలకాలము గడపునది వంటశాలలో. వంటలక్క సారాకు యజమాని మాటలు రాని యొక్క కూతును మిగిల్చి, తక్కిన బిడ్డల నమ్మివేసినాడు. ఆ వంటశాలలోనే డానా యొక బానిసబాలునకు చదువు నేర్పి, పుస్తకముతో పట్టుబడి కొరడాదెబ్బలు తినును. వంటయిల్లు చెఱయు, బడియు, యుద్ధరంగమును నని చూపిన గ్రంథ మిది. ఇంతవఱకు మేము ధైర్యముగానే చదివితిమి. మమ్ము పట్టుకొన్నది డానా భర్త కెవిన్. అతడు తెల్లవాడు, ఉదారుడు, భార్యను ప్రేమించువాడు, తానును రచయిత. అయినను తన వ్రాతప్రతులు భార్యయే టైపు చేయవలెనని పెండ్లికి ముందే యామెను కోరియుండెను. ఆమెతో గతకాలమునకు పోయినపుడు, అది చూడదగిన కాలమే యని యాతనికి తోచును. క్రూరుని చదివి కోపపడుట సులభము. మంచివానిని చదివి మనలను పోల్చుకొనుట కష్టము. ముందుగదిలో కూర్చుండి స్త్రీస్వాతంత్ర్యపు నవల చదువుచు, అంట్లకడ నున్నవారికి గొంతు పెంచి వినిపించు మేమెవరము?

ఇచ్చట నొక యాక్షేపణ వచ్చును. ‘సాహసకథలో వంట యేల? రచయిత ప్రతి గ్రంథమున పప్పుకూరల పట్టిక వ్రాయవలయునా?’ అని యందురు. మేము పట్టిక కోరలేదు. ఆకలి లేని లోకమైన నట్లు చెప్పుడు, అంగీకరింతుము. ఆకలి యున్నచో అన్నము కావలెను. అన్నమున్నచో ఒకరు వండవలెను, ఒకరు కడుగవలెను. కథలో నది కానరాకున్న మానె. రచయిత మనస్సులో నున్నదా లేదా యని మా ప్రశ్న. ఇది లేకున్నను గొప్ప గ్రంథము కావచ్చును. అయినను అది క్రొత్తలోకము గాదు. పాతలోకమునకు వేసిన వెల్ల మాత్రమే.

ఆ ప్రశ్నకు మొగము చాటువేయని రచయిత్రి అర్సులా లెగ్విన్. 1969 నాటి ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ లో స్త్రీపురుషభేదము స్థిరముగా లేని జనులను కల్పించినది. ఎవరైనను బిడ్డను కనవచ్చును గనుక, కనుట యను భారముచే నెవరును కట్టువడరు. కాని వారిని రాజకార్యములలోను ప్రయాణములలోను చూపినంతగా ఇంటిలో, బిడ్డలకడ చూపలేదని విమర్శ వచ్చెను. కొంతకాలమునకు తానే యా లోపము నొప్పుకొని వ్రాసినది. తన లోకమున తాను మఱచిన గది యొకటి కలదని చెప్పుటకు జంకని గ్రంథకర్త లెందఱు?

1974 నాటి ‘ది డిస్పొసెస్డ్’ మేము కడపట చదివితిమి. అనరెస్ యను నీటిచుక్క కఱవైన చంద్రగోళముపై, రాజును సొత్తును లేని సమాజమొకటి కలదు. భోజనములు సామాన్యశాలలలో. అచ్చటి భౌతికశాస్త్రజ్ఞుడు షెవెక్ సంపన్నలోకమగు ఉరస్‌నకు పోగా, ఒక పండితుని యింట విందు జరుగును. మురికిపని యెవరు చేయుదురన్న ప్రసంగము వచ్చును. మురికిపని యనగా నేమని యింటి యిల్లా లడుగును. చెత్త యెత్తుట, గోతులు త్రవ్వుట యని భర్త చెప్పును. అందఱమును చేయుదుము, ఎవరును చిరకాలము చేయనక్కఱలేదు, పది దినముల కొకదినము అట్టి పనికి పోవుట మా వాడుక యని షెవెక్ బదులు చెప్పును. మా వదినగారి ప్రశ్నయు, దానికి జవాబును అచ్చులో నున్నవి. అదియు చంద్రలోకము పేరనే! ఆ లోకము స్వర్గము గాదు. పదుగురి మాటయే చట్టమై షెవెక్ పరిశోధన కడ్డుపడును. కఱవు వచ్చి జనులు పస్తుండుదురు. రచయిత్రి వీనిని దాచలేదు గనుకనే మేము నమ్మితిమి.

ఆ పుట చదివిన రాత్రి మేము వదినగారిని పిలిచి తెలుగున వినిపించితిమి. వారంతయు విని, “అంట్లు ఆ జాబితాలో లేవే” అనిరి. మేము మరల చూచితిమి. లేవు. నూఱేండ్ల సంస్కరణము, మహారచయిత్రి మేధ, మా నెలల పఠనము, అన్నియు గలిసి చేరలేని చోటికి ఆమె చేతిలోని పీచు చేరినది.

అప్పటినుండి మా యింట పదియవదినము నాచరించుచున్నాము. ఆనాడు వంటయు అంట్లును ముందుగదివారివి, పుస్తకము వదినగారిది. మొదటిమాఱు మేము తోమిన గిన్నెలను మఱునాడుదయము వారు మాటాడక మరల తోముకొనిరి. రెండవమాఱు సగమే తోముకొనిరి. పది దినముల కొకమాఱు చాలదని మాకును తెలియును. తక్కిన తొమ్మిది దినముల మాట యింకను తేలలేదు. క్రొత్తలోకముల నవలలు చదువవలదను గృహస్థులారా, చదువుడు. చదివి ముగించినపిమ్మట పుస్తకము బల్లపై నుంచి, మీ యింట నా వేళ నీళ్లచప్పుడు వినవచ్చుచున్నదేమో యాలకింపుడు.